కారని తలుపు

ఆ ఇంట్లో మనుషులు నలుగురు, బాత్రూమ్ ఒకటి. కట్టినవాడి లెక్క ప్రకారం అందులో ఒకరికే చోటు. కానీ పొద్దున్న ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా ఆ గది ఒకేసారి ముగ్గురిని భరించేది. షవర్ కింద ఒకరు, సింకు ముందు పళ్లు తోముకుంటూ ఒకరు, అవసరం ముంచుకొస్తే కమోడ్ దగ్గర ఇంకొకరు. ఈ మహిమకంతా కారణం షవర్‌కి అడ్డంగా వేలాడే ఒక ప్లాస్టిక్ తెర. దాని మీద నీలం చేపలుండేవి. సబ్బునీళ్లకు సగం చేపలు వెలిసిపోయాయి. అంచు చిరిగినచోట ఇల్లాలు బట్టల క్లిప్పు పెట్టింది. చూడ్డానికి దరిద్రంగా ఉండేది, నిజమే. కానీ నోరెత్తకుండా అంత చాకిరీ చేసినవాళ్లు ఆ ఇంట్లో మరొకరు లేరు.

ఇల్లాలి తల్లికి గుండె జబ్బు. ఒంట్లో నీరు చేరకుండా డాక్టరు ఒక మాత్ర రాశాడు. రోజూ ఏడింటికి వేసుకోవాలి. మాత్ర లోపల పడ్డ అరగంటకు మొదలవుతుంది అసలు కథ. రెండు గంటల్లో నాలుగైదుసార్లు వెళ్లాలి, వెళ్లాలనిపించాక రెండు నిమిషాలకు మించి ఆగలేదు. అందుకని ఆ ఇంట్లో ఎవరూ పైకి చెప్పుకోని ఒక పద్ధతి ఏర్పడింది. ఆ వేళప్పుడు బాత్రూమ్‌కి గడియ పెట్టకూడదు. పెద్దావిడ వచ్చి తలుపు మీద రెండుసార్లు తడుతుంది. తెర వెనక స్నానం చేస్తున్నవాళ్లు వెంటనే షవర్ పూర్తిగా తిప్పేస్తారు, చప్పుడులో చప్పుడు కలిసిపోవాలని. లోపలున్నది మనవరాలైతే గొంతెత్తి పాట కూడా అందుకుంటుంది. పని కాగానే పెద్దావిడ ఒకసారి దగ్గి వెళ్లిపోతుంది. ఎవరూ ఎవరినీ చూడలేదు, ఎవరూ ఏమీ వినలేదు. ఆవిడ పరువు ఆవిడ దగ్గరే ఉంది.

ఈ ఏర్పాటు తెలియని మనిషి ఆ ఇంట్లో ఒక్కడే. ఆయనే ఇంటి యజమాని. ఆయన అయిదున్నరకే స్నానం ముగించి ఆరున్నరకు డ్యూటీకి వెళ్లిపోతాడు. ఆదివారాలు పదింటిదాకా పేపర్లోంచి తల ఎత్తడు. అత్తగారికి తన కష్టం అల్లుడికి తెలియడం చచ్చినా ఇష్టం లేదు. "అల్లుడుగారి చెవిన పడిందంటే ఆ రోజే నీ చెల్లెలింటికి వెళ్లిపోతా," అని కూతురి దగ్గర ఒట్టు వేయించుకుంది. అత్తా అల్లుళ్లు ఎదురుపడితే ఆవిడ పక్కకు తప్పుకోవడం, ఆయన లేచి నిలబడడం, "భోంచేశారా అత్తయ్యగారూ" అంటే "ఆఁ, మీరు" అనడం, ఆవిడ ఈ ఇంటికొచ్చిన పదేళ్లుగా వాళ్లిద్దరి మధ్యా నడిచిన సంభాషణ అంతే.

ఆయన బీరువాల తలుపులు చేసే ఫ్యాక్టరీలో తనిఖీ అధికారి. జేబులో రుమాలు ఉన్నా లేకపోయినా స్టీలు టేపు ఉంటుంది. పెళ్లిచూపుల నాడు కూర్చున్న సోఫా రెండు చేతులూ సమానంగా లేవని కనిపెట్టిన ఘనుడు. ఆఫీసువాళ్లు పెట్టిన పేరు మిల్లీమీటర్. వాళ్లు వెటకారానికి పెట్టారు. ఆయన బిరుదు అనుకున్నాడు. చివరికి చుట్టాలూ అదే అందుకున్నారు.

మిల్లీమీటర్‌కి ఒక తోడల్లుడున్నాడు, ఇల్లాలి చెల్లెలి మొగుడు. ఇళ్ల స్థలాలు అమ్మిపెట్టే పని. కొలతంటే తెలియని మనిషి, "అటూ ఇటూగా" అన్న మాట మీదే బతికేస్తున్నాడు. అలాంటివాడు మూడు బాత్రూములతో ఇల్లు కట్టాడు, అందులో ఒకదానికి షవర్ ముందు నిలువెత్తు అద్దం తలుపు పెట్టించాడు. ఇల్లు చూడబోయిన రోజు మిల్లీమీటర్ మిగతా గదులన్నీ వదిలేసి ఆ అద్దం ముందే పావుగంట నిలబడ్డాడు. టేపు తీశాడు. కొలిచాడు. గోడకీ అద్దానికీ మధ్య సందు పైన నాలుగు మిల్లీమీటర్లు, కింద తొమ్మిది. వంకర! ఆ రోజు ఇంటికొచ్చే దారంతా ఆయన మొహం వెలిగిపోతూనే ఉంది.

"వాడికి పెట్టించడం చేతకాలేదు. అదే తలుపు ఎలా ఉండాలో నేను చూపిస్తా," అన్నాడు.

ఇల్లాలి ఊహలో ముందుగా కనిపించింది అద్దం కాదు, తలుపు బయట చెయ్యి ఆనించి నిలబడ్డ తల్లి.

"ఏమండీ, ఆ తెర బాగానే ఉందిగా. మార్చాలంటే కొత్త తెర కొందాం," అంది.

"తెరా! మనం ఏమైనా డేరాలో ఉన్నామా?"

"పోనీ, మసక అద్దం పెట్టిద్దాం. లోపలివాళ్లు కనిపించకుండా."

"కనిపించకూడదనుకుంటే అద్దమెందుకు? గోడే కట్టించుకోవచ్చు. అద్దం పెట్టేదే అవతల టైల్సు కనపడాలని."

"టైల్సు సరే, ఆడపిల్ల ఉన్న ఇల్లు."

"అందుకేగా తలుపుకి గడియుంది."

గడియ ఎందుకు పెట్టకూడదో చెప్పబోయి ఇల్లాలు ఆగిపోయింది. ఒట్టు గుర్తొచ్చింది. నీళ్లు నములుతూ, "మరి, ఎవరికైనా తొందరైతే?" అంది.

"తొందరేంటి? మనిషన్నాక ఒక క్రమశిక్షణ ఉండాలి," అన్నాడాయన. ముప్పై ఏళ్లుగా పొద్దున్న అయిదూ ఇరవైకి గడియారం చూసుకుని కడుపు ఖాళీ చేసుకునే మనిషి. ఆయన అనగలడు.

కూతురు కూడా తన వంతు ప్రయత్నం చేసింది. పంతొమ్మిదేళ్ల పిల్ల, తండ్రి టేపుకి జంకేది కాదు. "నాన్నా, ఇది బాత్రూమా, చేపల తొట్టా?" అని అడిగేసింది. మిల్లీమీటర్ నవ్వాడు. కొలతలు రాసిన కాగితం తీసి, అద్దాలమ్మే చోట ఇచ్చి వచ్చాడు. గట్టిపరిచిన అద్దం, పది మిల్లీమీటర్ల మందం. ఒకసారి తయారయ్యాక కొయ్యడానికీ లేదు, వెనక్కివ్వడానికీ లేదు.

బిగించే రోజు అద్దాల మేస్త్రీ వచ్చాడు. యాభై దాటినవాడు, కళ్లజోడు నుదుటి మీదకు నెట్టుకుని ఉంటాడు, మాట తక్కువ. రాగానే బాత్రూమ్ నేల మీద అట్టపెట్టెలు మడిచి పరిచాడు. అద్దానికి అంటుకునే రబ్బరు పిడులతో దాన్ని పట్టుకుని, మేస్త్రీ, మిల్లీమీటర్ ఇద్దరూ లోపలికి తెచ్చారు. మిల్లీమీటర్ తన వైపు అంచుని అట్ట దాటించి టైలు మీద దింపబోయాడు.

"సార్! ఆగండి!" అని మేస్త్రీ ఒక్క అరుపు అరిచాడు. "మధ్యలో సుత్తితో కొట్టండి, ఊరుకుంటుంది. మూల మాత్రం టైలుకి తగిలిందా, మొత్తం పంచదార పలుకులై కూర్చుంటుంది."

ఫ్యాక్టరీలో మిల్లీమీటర్ మీద అరిచేవాళ్లు లేరు. మొహం మాడ్చుకుని, అద్దాన్ని అట్ట మీదే ఆనించాడు. ఆ ఉక్రోషం వంపు చూసే రసమట్టం దగ్గర తీర్చుకున్నాడు. మేస్త్రీ తన రసమట్టం గోడకు పెడితే, ఈయన పక్కనే తనది పెట్టాడు. రెండింట్లోనూ నీటి బుడగ మధ్యలోనే నిలబడింది. ఆయనది కాస్త ఎక్కువ మధ్యలో నిలబడిందని ఆయన అభిప్రాయం. మేస్త్రీ టైలు మీద కాగితపు పట్టీ అంటించి గుర్తు పెట్టాడు, డ్రిల్లు మొన జారిపోకుండా. మెల్లగా తొలిచాడు. మడతబందులు బిగించాడు. అద్దం ఎత్తి తగిలించాడు.

చెప్పొద్దూ, తలుపు కుదిరింది. గోడకీ అద్దానికీ మధ్య మూడు మిల్లీమీటర్లు, పైనుంచి కిందదాకా ఒకటే తీరు. వేలితో తోస్తే మూసుకుంటుంది, చప్పుడు లేదు. మేస్త్రీ కళ్లజోడు కిందికి దించి మరీ చూశాడు.

"నేను కొలిచినా ఇంతే వచ్చేది సార్," అన్నాడు.

అది విని మిల్లీమీటర్ ఒళ్లు పులకరించింది. ఆ మాట అదే రోజు ఫోన్లో పదిమందికి చేరింది. తోడల్లుడికి రెండుసార్లు చేరింది.

ఆయన ఫోన్లో ఉండగా ఇల్లాలు మేస్త్రీకి మంచినీళ్లు తెచ్చింది. అతను తాగి, గ్లాసు తిరిగిస్తూ అడిగాడు.

"బాత్రూమ్ ఇదొక్కటేనామ్మా?"

"ఒక్కటే."

అతను అద్దం చూశాడు, ఎదురుగా రెండడుగుల్లో ఉన్న కమోడ్ చూశాడు, హాల్లో కూర్చున్న పెద్దావిడను కూడా చూశాడు. ఇలాంటివి వందల ఇళ్లలో బిగించిన మనిషి.

"కొలతలు ఇచ్చారు గానీ ఇల్లు చూపించలేదమ్మా. చూసుంటే మసకద్దమే తీసుకోమనేవాణ్ణి. ఇప్పటికైనా పైన మసక కాగితం అంటించుకోవచ్చు. గంట పని."

ఇల్లాలికి ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ ఆఖరి మాట మిల్లీమీటర్ చెవిన కూడా పడింది. ఫోన్ చేత్తో మూసి, "కాగితమా? దీని మీదా? ఇదేమైనా కిరాణా కొట్టు అల్మారానా?" అన్నాడు. మేస్త్రీ సామాను సర్దుకున్నాడు. అంచులకు పట్టించిన సిలికాన్ ఆరేదాకా ఇరవై నాలుగు గంటలు నీళ్లు తగలనివ్వొద్దని చెప్పి వెళ్లాడు.

మర్నాటి నుంచి మొదలైంది అసలు వైభోగం. కూతురు పుట్టినప్పుడు ఒక పూట కూడా సెలవు పెట్టని మిల్లీమీటర్, తలుపు కుదురుకునేదాకా దగ్గరుండాలని రెండు వారాలు సెలవు పెట్టాడు. స్నానం చేసినవాళ్లు అద్దాన్ని ముందు వైపర్‌తో లాగాలి, తర్వాత మెత్తటి గుడ్డతో పైనుంచి కిందికి తుడవాలి, అడ్డంగా తుడిస్తే చారలు పడతాయి. వేలిముద్రలు పడకూడదు గనక పిడి పట్టుకునే తియ్యాలి. స్నానం ఏడు నిమిషాలు, తుడవడం పన్నెండు. నీళ్లకంటే చెమటకే ఎక్కువ తడిసి బయటికొచ్చేది కూతురు.

ఇంతటితో ఆగినా బాగుండేది. బాత్రూమ్ తలుపుకి ఎదురుగా, నడవాలో, ఆయన ఒక కుర్చీ వేసుకున్నాడు. పేపరు అక్కడే, టీ అక్కడే. ఎవరు లోపలికెళ్లినా టైము చూసుకుంటాడు, ఎవరు బయటికొచ్చినా టార్చిలైటు తీసుకుని లోపలికెళ్లి అద్దం మీద చుక్క మిగిలిందేమో వెతుకుతాడు. మ్యూజియం కాపలావాడు కూడా మధ్యలో కాస్త కునుకు తీస్తాడేమో గానీ ఈయన తియ్యలేదు.

ఇల్లాలు క్లినిక్‌లో చీటీలు రాసే కౌంటర్లో పనిచేస్తుంది. ఎనిమిదిన్నరకు వెళ్లాలి. తల్లికి అడ్డం రాకూడదని తన స్నానం సాయంత్రానికి మార్చుకుంది, కూతుర్ని ఆరింటికే లేపేసింది. ఏడు తర్వాత బాత్రూమ్ ఖాళీ. ఇంక ఇబ్బందేముంది, అమ్మకు దారి దొరికినట్టే అనుకుంది. కుర్చీని ఆవిడ లెక్కలోకి తీసుకోలేదు.

పదిరోజులు గడిచాక ఒక శనివారం సాయంత్రం ఇల్లాలు తల్లి కాళ్లు వాచి ఉండడం చూసింది. క్లినిక్‌లో రోజూ ఎన్నో కాళ్లు చూసే మనిషి. చీలమండ మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా గుంట పూడలేదు.

"మాత్ర వేసుకుంటున్నావా అమ్మా?"

"వేసుకుంటున్నానే."

"నా మొహం చూసి చెప్పు."

పెద్దావిడ కూతురి మొహం చూడలేదు. కిటికీ వైపు తిరిగింది. ఇల్లాలు తలగడ ఎత్తింది, అల్మారా తీసింది. కళ్లజోడు డబ్బాలో, కాగితంలో చుట్టి, పది మాత్రలున్నాయి. అల్మారా కింద సంచి ఉంది, అందులో బట్టలు మడతపెట్టి ఉన్నాయి.

"ఇదేంటమ్మా ఇదంతా?"

"అల్లుడుగారు అక్కడే కూర్చుంటున్నారే," అంది పెద్దావిడ మెల్లగా. "ఆయన ముందునుంచి పొద్దున్నే అయిదుసార్లు ఎలా తిరగను? వెళ్లిన ప్రతిసారీ లేచి నిలబడతారు. మర్యాదస్థుడు పాపం. నేను బయటికి రాగానే లైటు పట్టుకుని లోపలికెళ్తారు. ఎందుకెళ్తారో నాకు తెలుసు, తలుపు చూసుకోడానికే. అయినా సిగ్గుతో చచ్చిపోతున్నానే. మాత్ర మానేస్తే ఆ బాధే లేదుగా."

"మానేస్తే ప్రాణం మీదకొస్తుంది."

"రేపు చెల్లీ వాళ్లొస్తున్నారుగా. వాళ్లతో వెళ్లిపోతాను. అక్కడ మూడున్నాయి."

మూడున్నమాట నిజమే. ఆ ఇంట్లో ఎవరి బాత్రూమ్ వాళ్లది, ఎవరి టీవీ వాళ్లది, ఎవరి భోజనం వాళ్లది. మునుపొకసారి పెద్దావిడ అక్కడ మూడు నెలలుండి వచ్చింది. వచ్చిన వారం దాకా గొంతు పెగల్లేదు, మాట్లాడే అలవాటు తప్పిపోయింది. ఆ సంగతి గుర్తొచ్చి ఇల్లాలికి మొగుడి మీద మంటెత్తింది.

"ఇప్పుడే వెళ్లి ఆయనకి చెప్పేస్తాను."

"చెప్పావంటే రేపటిదాకా కూడా ఉండను. నా మీద ఒట్టే."

తల్లి అన్నంత పనీ చేస్తుందని ఇల్లాలికి తెలుసు. క్లినిక్‌లో డాక్టరుకు ఫోన్ చేసింది. మాత్ర రేపు పొద్దున్న తప్పకుండా పడాలని ఆయన గట్టిగా చెప్పాడు. సరే, చుట్టాలు వచ్చేది పదకొండింటికి. ఎనిమిదింటికల్లా మొగుణ్ణి బజారుకి తోలేస్తే, పళ్లూ బిస్కట్లూ అంటూ రెండు గంటలు తిరిగొస్తాడు. ద్రాక్షపళ్లు కూడా సైజు చూసి ఏరే మనిషి. ఆలోపు అమ్మ పని అయిపోతుంది. సంచి సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఆదివారం అనుకున్నట్టే మొదలైంది. మిల్లీమీటర్ ఆరింటికి స్నానం చేసి, ఏడింటిదాకా అద్దం తుడిచి, సరుకుల చీటీ జేబులో పెట్టుకుని ఎనిమిదింటికి బయల్దేరాడు. ఇల్లాలు దగ్గరుండి తల్లి చేత మాత్ర వేయించింది. ఎనిమిదిన్నరకు పెద్దావిడ మొదటిసారి వెళ్లొచ్చింది. మొహం తేటపడింది. ఇల్లాలు ఊపిరి పీల్చుకుంది.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో గొంతులు వినిపించాయి. ఎండెక్కకముందే వచ్చేద్దామని తోడల్లుడు రెండున్నర గంటలు ముందే బయల్దేరాడట. బజారు దారిలో మిల్లీమీటర్‌కి ఎదురయ్యాడు. ఇంకేముంది, మిల్లీమీటర్ పళ్లూ వద్దు బిస్కట్లూ వద్దు అని అక్కణ్ణుంచే వెనక్కి తిరిగాడు. తోడల్లుణ్ణి కూర్చోనివ్వలేదు. మంచినీళ్లు తాగనివ్వలేదు. భుజం మీద చెయ్యేసి తిన్నగా బాత్రూమ్‌కే తీసుకుపోయాడు.

చెల్లెలు వంటింట్లోకి వచ్చింది. "అక్కా, అమ్మ మాతో వస్తానని ఫోన్ చేసింది కదా? గది సర్దించాను," అంది. ఇల్లాలి చెవులు నడవా వైపే ఉన్నాయి.

"టేపు పెట్టి చూడు తమ్ముడూ. పైన మూడు, మధ్యలో మూడు, కింద మూడు. మీదెంతుంది?"

"మాదాన్ని ఎవడు చూశాడు అన్నయ్యా! తుడవలేక చచ్చిపోయాం. అందులో స్నానాలు మానేసి ఆరు నెలలైంది. పక్క బాత్రూమ్‌లో బకెట్ పెట్టుకున్నాం. ఆ అద్దం వెనక ఇప్పుడు సూట్‌కేసులు పెడుతున్నాం."

"ఓడిపోయారన్నమాట," అన్నాడు మిల్లీమీటర్ పరమానందంగా. అంతమంచి మాట వినీ ఆ మనిషికి అర్థమైంది అదొక్కటే.

పెద్దావిడ తన గదిలోంచి బయటికొచ్చింది. నడవా సగం దాకా వచ్చి, గోడ పట్టుకుని నిలబడిపోయింది. బాత్రూమ్ తలుపు బార్లా తెరిచి ఉంది, లోపల ఇద్దరల్లుళ్లు. వంటింటి గుమ్మంలోంచి ఇల్లాలు తల్లి మొహం చూసింది. పరుగున వెళ్లింది.

"ఏమండీ, ఒకసారి ఇలా బయటికి రండి."

"ఉండు, మడతబందు చూపిస్తున్నా."

"ఇద్దరూ రండి. టీ అయింది."

"టీ ఎక్కడికీ పోదులే."

"ఏమండీ, మిమ్మల్నే! రండి బయటికి!"

"ఏంటా గోల? మనిషి ఇంత దూరం నుంచి దీని కోసమే వచ్చాడు, చూడనీ!"

ఆవిడ వెనక్కి తిరిగేసరికి అయిపోయింది. పెద్దావిడ కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. కాళ్ల దగ్గర నేల తడి. ఇల్లాలు చెయ్యి పట్టుకోబోతే విడిపించుకుని, గోడ వెంబడి తన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

టీ మాట విన్న తోడల్లుడు బయటికి అడుగుపెట్టి ఆగాడు. "అన్నయ్యా, ఇదేంటి, ఇక్కడంతా తడి?"

ఇల్లాలు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "తలుపే మరిదిగారూ. కారుతోంది. నాలుగురోజులుగా చెప్తూనే ఉన్నాను, ఈయన వింటేనా," అంది. అంత పెద్ద అబద్ధం అంత గట్టిగా ఆవిడ ఎప్పుడూ ఆడలేదు. తల్లిని కాపాడాలన్నదొక్కటే కాదు, ఆ తలుపుని నలుగురిలో తిట్టడం ఆవిడకు హాయిగా కూడా ఉంది.

తోడల్లుడి మొహం విచ్చుకుంది. "కారుతోందా! మిల్లీమీటర్‌గారి తలుపు కారుతోందా!"

"కారడమేంటి? అసాధ్యం!" మిల్లీమీటర్ ఒంటికాలి మీద లేచాడు. వెంటనే మోకాళ్ల మీద కూర్చున్నాడు. అద్దం కింది రబ్బరు పట్టీని వేలితో ఈ చివర నుంచి ఆ చివరిదాకా రాశాడు. పొడి. సిలికాన్ అంచు, గోడ మూల, నీళ్లు పోయే జాలీ, అన్నీ పొడి. పొద్దున్న తనే గంటసేపు తుడిచాడు. "చూశావా? చుక్క లేదు!" అంటూ మోకాళ్ల మీదే బాత్రూమ్ గడప దాకా వచ్చాడు. గడపా పొడిగానే ఉంది. తడి మొదలైంది గడపకు ఇవతల, నాలుగడుగుల దూరంలో. అక్కణ్ణుంచి అది నడవా వెంట వెళ్లింది, పాదాల ముద్రలుగా, చిన్న చిన్న అడుగులతో. ఆఖరి ముద్ర అత్తగారి గది తలుపు ముందుంది.

ఎంత మొద్దయినా కొలతల మనిషి. ఆయన ఆ ముద్రల్ని ఒక్కొక్కటిగా చూశాడు. తర్వాత తలెత్తి పెళ్లాం వైపు చూశాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ ఎప్పుడూ మొగుణ్ణి ఏదీ బతిమాలలేదు. ఇప్పుడు కళ్లతో బతిమాలింది.

"గుడ్డ ఎక్కడుంది?" అంటూ ఆయన లేచి వంటింట్లోకి నడిచాడు. ఇల్లాలు వెనకే వెళ్లింది. చెల్లెలు టీ కప్పులు పట్టుకుని హాల్లోకి వెళ్లేదాకా ఆయన ఆగాడు.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు గొంతు తగ్గించి.

"మీరు అక్కడ కుర్చీ వేసుకుని కూర్చున్న రోజు నుంచి."

ఇల్లాలు పదకొండు రోజులుగా లోపల పోగుచేసుకున్న తిట్లు చాలానే ఉన్నాయి. మొగుడి చెవులు కందిపోయి ఉండడం చూసి ఒక్కటీ బయటికి తియ్యలేదు. గుడ్డ తీసి చేతిలో పెట్టింది.

"అన్నయ్యా! దొరికిందా లీకు?" హాల్లోంచి తోడల్లుడి కేక.

మిల్లీమీటర్ నడవాలోకి వెళ్లి నేల మీద గొంతుక్కూర్చున్నాడు. ముందు అత్తగారి గుమ్మం దగ్గర ముద్ర తుడిచాడు, ఆ తర్వాత దాని వెనకది.

"దొరికింది," అన్నాడు, ఆ గదిలోకి వినపడేంత గట్టిగా. "కొలత తప్పింది."

తోడల్లుడు టీ కప్పుతో సహా పరిగెత్తుకొచ్చాడు. "కొలతా? నువ్వా? నీ నోటితో నువ్వే అంటున్నావా? ఎంత తప్పింది, ఎన్ని మిల్లీమీటర్లు?"

"చాలా."

"చాలా అంటే?"

"చాలా అంటే చాలానే. నేనే సరిగా చూసుకోలేదు."

తోడల్లుడు అప్పటికే నవ్వుతూ ఫోన్ తీశాడు. ఈ కబురు సాయంత్రానికల్లా చుట్టాలందరికీ చేరుతుందని, ఏడాదిపాటు ఏ పెళ్లిలో కూర్చున్నా ఇదే మాట వినాల్సి వస్తుందని మిల్లీమీటర్‌కి తెలుసు. వంచిన తల ఎత్తకుండా తుడుస్తూనే ఉన్నాడు. ఇంత కోపంలోనూ ఆయన మీద ఇష్టం కలిగినందుకు ఇల్లాలికి తన మీదే కోపమొచ్చింది.

దగ్గరగా వేసిన తలుపు వెనకనుంచి పెద్దావిడ గొంతు వినిపించింది, సన్నగా. "అల్లుడుగారి కొలత తప్పదు."

"తప్పింది అత్తయ్యగారూ," అన్నాడాయన. గుడ్డ పక్కన పెట్టాడు. "కాస్త టైము ఇవ్వండి, ఈ వారంలో సరిచేసేస్తాను. మీరు ఇక్కడే ఉండి, అయ్యాక ఎలా ఉందో చూసి చెప్పాలి. మీరు లేకపోతే నాకు తెలియదు."

చెల్లెలు అక్క మొహంలోకి చూసింది. తోడల్లుడు ఫోన్లో ఎవరికో "ఎనిమిదో వింత" అని చెప్తున్నాడు.

"తొందరేం లేదు అల్లుడుగారూ," అంది పెద్దావిడ తలుపు అవతలినుంచి. "నిదానంగా చెయ్యండి. నేనెక్కడికీ పోవట్లేదుగా."